షెడ్డుకో కారు

పాతికేళ్ళు కార్ల గురించి పాఠాలు చెప్పిన తరవాత, కారు లోపల ఏముంటుందో ఓసారి చూడాలని నాకు బుద్ధి పుట్టింది.

ఇందులో నవ్వవలసిందేమీ లేదు. గౌతమీపురంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో నేను ఆటోమొబైలు శాఖకి అధిపతిని. మా శాఖకి ఒక ఇంజనుంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ప్రిన్సిపాలుగారి దగ్గర ఉంచుతారు. తనిఖీ బృందం వచ్చే రోజున బీరువా తుడుస్తారు. ఆ బృందం మా దగ్గర టిఫిను చేసి, మా యాజమాన్యం వారిదే మరో కాలేజీ పక్క ఊళ్ళో ఉంటే అక్కడికి భోజనానికి వెళుతుంది. టిఫినుకీ భోజనానికీ మధ్య మా ఇంజను ట్రాలీ ఆటో ఎక్కి, వాళ్ళకంటే ముందే ఆ ఊరు చేరుకుంటుంది. మా శాఖ చరిత్రలో నిజంగా కదిలిన యంత్రం అదొక్కటే.

నేను మాత్రం సుద్దముక్కతో బోర్డు మీద పిస్టను గీశాను, చెరిపాను, మరుసటి ఏడు మళ్ళీ గీశాను. నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో చదివి చెప్పడమే గాని, ఒక్కటీ బిగించి ఎరగను. ఈ సంగతి నాకు చాలాకాలంగా సిగ్గుగా ఉండేది. రిటైరయ్యేలోగా ఒక్క కారు, ఎంత చిన్నదైనా సరే, నా చేత్తో బిగించి, దాన్ని నేనే నడుపుకుంటూ రోడ్డెక్కకపోతే ఈ జన్మ సుద్దపొడి అయిపోతుందని గట్టిగా అనిపించింది. మా ఆవిడ హైమవతితో ఆ మాటే చెప్పాను.

"బిగించండి, నేను పక్కన కూచుంటాను. కాని షెడ్డులో ఉన్న నా జాడీలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా మీరే చెప్పాలి" అంది.

విడిభాగాలన్నీ పెట్టెల్లో సర్ది పంపే కంపెనీలు ఉత్తరాదిన ఉన్నాయి. బిగించుకోవడం మన పని. పెట్టెల కంటే ముందు వాళ్ళ పుస్తకం వచ్చింది. అందులో మొదటి అధ్యాయం కారు గురించి కాదు, షెడ్డు గురించి. నేల మట్టంగా ఉండాలి, నీడ పడని వెలుతురుండాలి, కారు చుట్టూ మనిషి తిరిగే చోటుండాలి, ప్రతి పనిముట్టుకీ గోడ మీద ఒక మేకుండాలి. షెడ్డు సిద్ధం చేసుకోకుండా పెట్టె విప్పినవాడు బాగుపడడని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు.

మా ఇంటికి కారు షెడ్డుంది. కారు తప్ప తక్కినవన్నీ అందులో ఉన్నాయి. మా అత్తగారి పందిరిమంచం, ఊడిన కూలరు, ఆవకాయ జాడీలు, మా బావమరిది పట్టాభి ఎప్పుడో పెట్టి ఎత్తేసిన టెంటుహౌసు తాలూకు కుర్చీలు, ఏ పార్టీవో తెలియకుండా వెలిసిపోయిన బ్యానర్లు. దసరా సెలవులన్నీ వాటితో కుస్తీ పట్టడానికే సరిపోయాయి. ఆ తరవాత నీళ్ళ గొట్టంతో మట్టం సరిచూసి నేలకి సిమెంటు వేయించాను. గోడలకి వెల్ల వేయించి, పైన వరసగా ట్యూబులైట్లు పెట్టించాను. ఒక గోడకి ప్లైవుడ్ చెక్క కొట్టి, స్పానర్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా తగిలించాను. ఏది తీశామో తెలియడానికి ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో గీత కూడా గీశాను. చివరికి నేల మీద నా కారు ఎంత మేర వస్తుందో సుద్దతో గీశాను. గీయడంలో నాకు అనుభవం ఉంది.

హైమవతి కాఫీ పట్టుకొచ్చింది. ఆ గీత తొక్కకుండా, కారు నిజంగానే ఉన్నట్టు చుట్టూ తిరిగి వచ్చి గ్లాసు నా చేతికిచ్చింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పెట్టెలు దిగిన మర్నాడే నగరపాలక సంస్థవారు దిగారు.

అప్పట్లో మా ఊరికి కొత్త కమిషనరు వచ్చారు. కార్లన్నీ రోడ్ల మీద ఎందుకు నిలబడుతున్నాయని ఆయనకి సందేహం కలిగింది. షెడ్లలో టిఫిను సెంటర్లూ, ట్యూషన్లూ, అద్దెవాళ్ళూ ఉండబట్టేనని ఒక కమిటీ తేల్చింది. దాంతో 'షెడ్డుకో కారు' పథకం పుట్టింది. షెడ్డన్నాక కారుండాలి. లేకపోతే దుర్వినియోగం కింద లెక్క. నెల గడువిచ్చి సీలు వేస్తారు. ఊరేగింపులు జరిగాయి, స్కూలు పిల్లలు నడుముకి అట్టకార్లు కట్టుకుని ఎండలో నడిచారు. ఆలోచన మంచిదే కదా అని గేటు దగ్గర నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

మా వార్డుకి వచ్చిన అధికారి పేరు త్రినాథరావు. హోదా వాహన నివాస పర్యవేక్షణాధికారి. నెమ్మదైన మనిషి, లంచం ముట్టరు, కాఫీలో పంచదార కూడా వద్దంటారు. అలాంటివారితోనే చిక్కు. షెడ్డు గుమ్మంలో నిలబడి నేలనీ, లైట్లనీ, స్పానర్లనీ తృప్తిగా చూశారు.

"షెడ్డు బ్రహ్మాండంగా ఉందండి మాస్టారూ. వాహనం ఏదండి?" అన్నారు.

పెట్టెలు చూపించి, ఇవన్నీ బిగిస్తే వాహనం అవుతుందని చెప్పాను. ఆయన పెట్టెల చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, మందబుద్ధి పిల్లవాడికి లెక్క చెప్పినంత ఓపిగ్గా నాకు చెప్పారు.

"కారు పెట్టే చోటు షెడ్డండి. కారు బిగించే చోటు ఫ్యాక్టరీ అండి. పెట్టెలు పెట్టే చోటు గోడౌనండి. మూడూ మూడు సెక్షన్లండి. ప్రస్తుతం తమది గోడౌను స్థితిలో ఉంది. తమరు స్పానరు పట్టుకున్నారనుకోండి, ఫ్యాక్టరీ అయిపోద్ది. ఇళ్ళ మధ్య ఫ్యాక్టరీ అంటే ఇంక నా చేతుల్లో ఉండదండి."

"మరి షెడ్డు ఎప్పుడవుతుందండీ?"

"కారు పెట్టాకండి."

"ఆ కారు తయారుచేసుకోవడానికే కదండీ ఈ షెడ్డు."

"కారున్న షెడ్డులో తమరేం చేసుకున్నా సంస్థ అడగదండి. ముందు కారు పెట్టండి, ఆనక తీరిగ్గా తయారుచేసుకోండి" అని, గడువు తేదీ నా తెల్లటి గోడ మీద సుద్దముక్కతో రాసి వెళ్ళారు. సుద్దముక్క కూడా నాదే.

మరొకరైతే కోర్టుకెక్కేవారు. నేను కాలేజీవాణ్ణి. తనిఖీలు గట్టెక్కడం నాకు వెన్నతో పెట్టిన విద్య. తనిఖీలో ఫలానాది ఉందా అని అడుగుతారే గాని, ఎవరిదని అడగరు. మా లైబ్రరీలో సగం పుస్తకాలూ, ఇద్దరు ప్రొఫెసర్లూ ఆ రోజున వచ్చి ఆ సాయంత్రమే వెళ్ళిపోతారు. కనక పట్టాభికి కబురు పెట్టాను.

పట్టాభి హైమవతికి తమ్ముడు. టెంటుహౌసు ఎత్తేశాక మందుల కంపెనీలో చేరి ఊళ్ళూళ్ళూ తిరుగుతున్నాడు. వాడికి కారంటే ప్రాణం. పొద్దున్నే దానికి స్నానం చేయించాక గాని తాను చెయ్యడు. "ఒక్క పూటకేగా బావగారూ, దానికేముందండి" అంటూ తెచ్చి పెట్టాడు. పెట్టెలన్నీ హాల్లోకి చేరవేశాం. కొత్త కారులా కనపడాలని హైమవతి చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టింది.

త్రినాథరావుగారు సిబ్బందితో వచ్చి కారునీ, షెడ్డునీ, మధ్యనున్న ఖాళీనీ కొలిచారు. వార్డు మొత్తం మీద కారు పక్కన కారం మర పెట్టని షెడ్డు ఇదొక్కటేనట. ఆయనకి కళ్ళ నీళ్ళ పర్యంతమైంది. అక్కడికక్కడే దాన్ని ఆదర్శ షెడ్డుగా ప్రకటించి, కారు నంబరు షెడ్డు పైన రంగుతో రాయించారు. పట్టాభి టీ గ్లాసు కింద పెట్టి తాళాలు తీశాడు.

"ఎక్కడికండి?" అన్నారు త్రినాథరావుగారు.

పనిమీద తుని దాకా వెళ్ళాలన్నాడు.

"ఇప్పుడిది నమోదైన వాహనమండి. పనివేళల్లో షెడ్డులో హాజరుండాలి. మేం వచ్చినప్పుడు లేకపోతే గైర్హాజరు పడిపోద్ది. తమరేం కంగారుపడకండి, సెలవు సౌకర్యం ఉంది" అన్నారాయన.

సౌకర్యం నిజంగానే ఉంది. కారుకి ఏడాదికి కొన్ని ఆకస్మిక సెలవులు, కొన్ని ఐచ్ఛిక సెలవులు. రిపేరుకి వెళితే వైద్య సెలవు. దానికి మెకానిక్కు దగ్గరనుంచి అస్వస్థత పత్రమూ, తిరిగి వచ్చాక ఆరోగ్య పత్రమూ జతచేయాలి. ఆదివారం నాడు ఊరు దాటాలంటే హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళడానికి ముందస్తు అనుమతి కావాలి. ఇవన్నీ ఎవరూ కక్షకొద్దీ పెట్టినవి కావు. పథకానికి నియమావళి రాయమన్నప్పుడు ఆఫీసు గుమాస్తా ఎదురుగా ఉద్యోగుల సర్వీసు రూల్సు ఉన్నాయి. 'ఉద్యోగి' అన్నచోటల్లా 'వాహనం' అని మార్చి టైపు చేశాడు. ఆ తొందరలో కార్లకి ప్రసూతి సెలవు కూడా ఉండిపోయింది.

పట్టాభి ఆకస్మిక సెలవులన్నీ చూస్తుండగానే వాడేశాడు. తరవాత వైద్య సెలవులో ఉన్న కారు, తుని రోడ్డు మీద నిక్షేపంగా పరుగెడుతూ త్రినాథరావుగారి కంటపడింది. కారుకి మెమో వచ్చింది. షెడ్డు యజమానిని కనక సంజాయిషీ నేను రాశాను. కారు నడవడిక ఇకమీదట సవ్యంగా ఉంటుందని హామీ కూడా ఇచ్చాను. ఆనాటినుంచి పట్టాభి మందుల సంచీ భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగాడు. పొద్దున్నే మా ఇంటికొచ్చి, కారుకి స్నానం చేయించి, కాసేపు సీట్లో కూచుని, ఒకసారి హారను కొట్టి బస్టాండుకి వెళ్ళేవాడు.

మా షెడ్డుకి పేరొచ్చాక వీధి వీధంతా మా దారి పట్టింది. వీధి మొత్తానికి ఉన్నవి మూడు కార్లు. త్రినాథరావుగారు ఒక ఇంట్లో కాఫీ తాగేలోగా, ఆ ఇంటి కారు వెనక సందులోంచి వెళ్ళి, నంబరు పలక మార్చుకుని, నాలుగిళ్ళ అవతల మరో షెడ్డులో హాజరు వేయించుకునేది. ఏడాది తిరక్కుండా రికార్డుల్లో మా ఊరి కార్లు మూడింతలయ్యాయి. ఇన్ని కార్లకి ఉన్న రోడ్లు చాలవని వెడల్పు చేసే ప్రతిపాదన కూడా బయల్దేరింది.

"మా బండికి బదిలీ చేయించండి బావగారూ, మీకు పుణ్యముంటుంది" అని పట్టాభి ఓరోజు నా చేతులు పట్టుకున్నాడు. దరఖాస్తు పట్టుకుని వెళ్ళాను. త్రినాథరావుగారు సానుభూతిగానే విన్నారు.

"రిలీవ్ చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదండి. కాని బదులు వాహనం వచ్చి విధుల్లో చేరాలి కదండి. అది చేరకుండా దీన్ని వదిలేస్తే ఆదర్శ షెడ్డు ఖాళీ పడిపోద్ది. కమిషనరుగారికి నా మొహం ఎలా చూపించమంటారు?"

నా కారు తయారైతే గాని పట్టాభి కారుకి విముక్తి లేదు. పట్టాభి కారు కదిలితే గాని నా కారు తయారుచేయడానికి చోటు లేదు. ఇంటికొచ్చి హాల్లో పెట్టెల మీద కూలబడ్డాను. ఇంక కారూ లేదు గీరూ లేదు, బోర్డూ సుద్దముక్కే నాకు రాసిపెట్టి ఉన్నాయని హైమవతితో అన్నాను. నిజంగా దుఃఖం వచ్చింది. ఆవిడ నియమావళి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"హాల్లో కారు బిగించకూడదని వాళ్ళ రూల్సులో ఉందా?" అంది.

నియమావళి అంతా తిరగేశాను. లేదు. హాల్లో కారు బిగించే మనిషి పుడతాడని ఎవరికీ తోచలేదు కాబోలు. పైగా హాలు వాహన నివాస విభాగం కిందికి రాదు.

పుస్తకం తీసి మొదటి అధ్యాయం మళ్ళీ మొదలుపెట్టాం. సోఫా వెనక వరండాలోకి, టీవీ వంటింట్లోకి వెళ్ళాయి. మా పెళ్ళి ఫొటో దింపి అక్కడ స్పానర్ల చెక్క కొట్టాను. నేల మీద సుద్దగీత గీస్తే అది భోజనాల బల్ల కింద నుంచి పోయింది, అంచేత బల్ల పెరట్లోకి పోయింది. వచ్చిన చుట్టాలు టైర్ల మీద కూచుని కాఫీలు తాగారు. మా పిన్నిగారు మాత్రం నేలే నయమమ్మా అంది.

మొదటి నట్టు నా చేత్తో బిగించాను. పుస్తకం హైమవతి చదివేది, నేను బిగించేవాణ్ణి. మధ్యలో అలవాటుకొద్దీ సూత్రం చెప్పబోతే, "పాఠం తరవాత చెబుదురుగాని, ముందది తిప్పండి" అనేది. ఒకటి రెండు భాగాలు తలకిందులుగా పెట్టాను. విప్పాను, మళ్ళీ పెట్టాను. గోళ్ళ సందుల్లో గ్రీజు దిగి ఎంత కడిగినా వదిలేది కాదు. ఆ చేతులతోనే క్లాసుకి వెళ్ళేవాణ్ణి, గర్వంగా ఉండేది. మామిడికాయల రోజులొచ్చేసరికి ఇంజను ఒకసారి దగ్గి, గట్టిగా అందుకుంది. కిటికీ అద్దాలన్నీ గజగజలాడాయి. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. పొగ మధ్యలోంచి హైమవతి చెయ్యి ఊపుతూ కనపడింది. మెచ్చుకుంటోందనుకున్నాను. ఆపమంటోందని తరవాత తెలిసింది.

పొగ తగ్గాక ఇద్దరం తలుపు కేసి చూశాం. ఆ తరవాత కారు కేసి చూశాం. షెడ్డు గురించి అంత వివరంగా రాసిన పుస్తకంలో తలుపు ఊసే లేదు. షెడ్లకి తలుపు ఇబ్బంది ఉండదని కాబోలు.

త్రినాథరావుగారి దగ్గరికి పరుగెత్తాను. ముందుగోడ కొంత కొట్టించుకోవాలి, అనుమతి ఎలాగని అడిగాను. అది పట్టణ ప్రణాళికా విభాగమట. ఇంటి ప్లానూ, ఇంజినీరు పత్రమూ, ఇరుగుపొరుగుల సమ్మతీ జతచేస్తే ఆరేడు నెలల్లో పరిశీలనకి వస్తుందట. కారణం ఏమని రాస్తారని అడిగారు. కారు బయటికి రావాలని రాస్తానన్నాను. తమ కారు షెడ్డులోనే ఉంది కదండీ, రికార్డులో సంతకం కూడా ఉంది అన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పాను. పట్టాభి అక్కడే ఉన్నాడు. హైమవతి వాడితో అంది:

"ఒరేయ్, గోడ కొట్టుకుంటామంటే వాళ్ళకి ఆర్నెల్లు పడుతుంది. వాళ్ళంతట వాళ్ళు కొట్టడానికి ఎంతసేపు? మా ముందుగోడ రోడ్డు మీదికి వచ్చేసిందని వెళ్ళి చెప్పిరా."

పైన బీముంది కనక ఇంటికి ఢోకా లేదని మేస్త్రీని అడిగి రూఢి చేసుకున్నాం. పట్టాభి సాయంత్రం వెళ్ళి చెప్పొచ్చాడు. పొద్దున్న మేం టిఫిను తింటుండగానే గేటు ముందు జేసీబీ వచ్చి నిలబడింది. మా వీధి దీపం గురించి ఇంటింటి వాళ్ళం సంతకాలు పెట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. పడగొట్టే పనికి మాత్రం ఎవరూ టేపు కూడా తేలేదు. హైమవతీ నేనూ చెయ్యి కడుక్కుని, హాల్లోకి వెళ్ళి, కారులో కూచున్నాం.

గోడ నాలుగు దెబ్బల్లో పడిపోయింది. దుమ్ము అణిగేసరికి ఎదురుగా త్రినాథరావుగారు ఉన్నారు. పక్కనే ఉన్న ఆదర్శ షెడ్డుకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని పరుగెత్తుకొచ్చారట. గోడ లేని హాల్లో, దుమ్ము కప్పిన కారులో, సీటుబెల్టులు పెట్టుకుని కూచున్న మమ్మల్ని ఆయన చూశారు. కారు వైపు చూశారు, వెనకనున్న వంటిల్లు చూశారు, పడకగది చూశారు.

"ఇది షెడ్డండి" అన్నారు చివరికి.

"చాలా సంతోషమండీ. అయితే పట్టాభి బండిని వదిలిపెట్టండి" అన్నాను.

"అది మొదటి షెడ్డండి. ఇది రెండోది. కారున్న చోటు షెడ్డని తమరికి అప్పుడే చెప్పాను. ఈ షెడ్డులో పొయ్యి కనపడుతోంది, మంచాలు కనపడుతున్నాయి. షెడ్డులో మనుషులు కాపరం ఉండడం దుర్వినియోగమండి. తమరికీ అమ్మగారికీ నెల గడువిస్తున్నాను. వాహనాన్ని మాత్రం ఎవరూ కదిలించడానికి వీల్లేదు."

హైమవతి కిటికీలోంచి తల బయటికి పెట్టి, గడువు ఎప్పట్నుంచండీ అని అడిగింది. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

"నోటీసు రాసి ముందుగోడకి అంటించినప్పటి నుంచమ్మా. అంతవరకు అమల్లోకి రాదు" అని, కాగితం కోసం సంచీ విప్పారు.

"ఏవండీ, ఆయన అంటించేలోగా పోనివ్వండి" అంది నాతో.

తాళం తిప్పాను. కారు ఇటుకల మీద ఎగిరెగిరి, గేటు దాటి, రోడ్డు మీద పడింది. వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. వెనకనుంచి సిబ్బంది ఇద్దరు పరుగెత్తుకొస్తున్నారు. దిగి బానెట్టు ఎత్తాను. ఏ ఒక్కటీ కొత్తగా అనిపించలేదు. ప్రతి గొట్టమూ, ప్రతి తీగా నేను పెట్టిందే. చెయ్యి దానంతటదే బ్యాటరీ మీదికి వెళ్ళింది. ఇటుకల కుదుపులకి తీగ ఊడింది. బిగించాను, బానెట్టు వేశాను, కూచుని తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. పాతికేళ్ళ ఉద్యోగంలో అంత గొప్పగా నాకెప్పుడూ అనిపించలేదు.

"నేను చెప్పకుండానే తెలిసిందే" అంది హైమవతి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

అదే అదనుగా పట్టాభి షెడ్డులోంచి తన కారు తీసుకుని, హారను కొట్టుకుంటూ రెండో వైపుకి పోయాడు. మలుపు దగ్గర నేను అద్దంలోకి చూశాను. త్రినాథరావుగారు ఒక చేత్తో నోటీసూ, రెండో చేత్తో జిగురు డబ్బా పట్టుకుని మా ఇంటి ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. పాపం, అంటించడానికి గోడ లేదు.